తీర్పు ప్రజలకు ఎలా చేరింది? అమెరికా రాష్ట్రాల అప్పీలు కోర్టులు, 1783–1917

మీ ఊళ్లో ఎవరికైనా హైకోర్టులో కేసు గెలిచిందని తెలిస్తే మీరు ముందుగా ఏమడుగుతారు? ‘ఏమని తీర్పు ఇచ్చారు?’ అనే కదా. గెలిచిన మనిషిని అడిగి చూడండి. గెలిచానని గట్టిగా చెబుతాడు, ఎందుకు గెలిచాడో చెప్పమంటే తడబడతాడు. వకీలు చెప్పింది ఒకటి, మర్నాడు పత్రికలో వచ్చింది ఇంకొకటి, రచ్చబండ దగ్గర చెప్పుకునేది మరొకటి. న్యాయమూర్తి రాసిన కాగితాలు మాత్రం చాలామంది చూడనే చూడరు.

ఈ పాఠంలో అమెరికా రాష్ట్రాల పై కోర్టుల తీర్పులు సుమారు నూటముప్పై ఏళ్లపాటు ప్రజలకు ఏ విధంగా చేరాయో, ఎవరి చేతుల మీదుగా చేరాయో పరిశీలిద్దాం. తీర్పుల చరిత్ర అనగానే న్యాయమూర్తుల పేర్లు, సూత్రాలు గుర్తుకొస్తాయి. వాటిని రాసుకున్నవారు, కుదించినవారు, అచ్చువేసినవారు, జనానికి వివరించినవారు సాధారణంగా మన దృష్టికి రారు. తీర్పు ఏమైందన్నది చాలాసార్లు వారి చేతుల్లోనే తేలింది.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం, సొంత కోర్టుల వరుస ఉన్నాయి. వాషింగ్టన్‌లో ఉన్న సుప్రీంకోర్టు వీటికి పైన ఉన్నా, రాష్ట్ర చట్టం, రాష్ట్ర రాజ్యాంగం విషయంలో రాష్ట్రపు అత్యున్నత కోర్టు చెప్పిందే ఆఖరి మాట. పేర్ల దగ్గర మీరు కొంచెం జాగ్రత్తగా ఉండాలి. న్యూయార్కు రాష్ట్రంలో ‘సుప్రీంకోర్టు’ అంటే కేసు విచారణ మొదలయ్యే కోర్టు, అన్నిటికంటే పైనున్నది ‘అప్పీళ్ల కోర్టు’. ఈ తేడా తెలియక పత్రికలు కూడా పొరపడుతుంటాయి.

అచ్చు కాని తీర్పు

1781లో మసాచుసెట్స్ రాష్ట్రం, వూస్టర్ కౌంటీలో క్వాక్ వాకర్ అనే నల్లజాతి యువకుడు తన యజమాని నథానియెల్ జెన్నిసన్ ఇల్లు విడిచి, పక్కనే ఉన్న కాల్డ్‌వెల్ సోదరుల పొలంలో పనికి చేరాడు. వాకర్ మొదట ఈ కాల్డ్‌వెల్ కుటుంబంలోనే బానిసగా ఉండేవాడు. ఒక వయసు వచ్చాక విడుదల చేస్తామని ఆ ఇంటివారు అతడికి మాట ఇచ్చారు. తర్వాత ఆ ఇంటి వితంతువు జెన్నిసన్‌ను పెళ్లాడడంతో వాకర్ కూడా అతడి అధీనంలోకి వెళ్లాడు. పారిపోయిన వాకర్‌ను జెన్నిసన్ పట్టుకొని, కొట్టి, బంధించాడు. వాకర్ కోర్టుకెక్కాడు. తన పనివాణ్ణి కాల్డ్‌వెల్‌లు లాక్కున్నారని జెన్నిసన్ ఇంకో దావా వేశాడు. వూస్టర్ కోర్టు ఒక దావాలో వాకర్ స్వతంత్రుడేనని జ్యూరీ ద్వారా తేల్చి 50 పౌండ్లు నష్టపరిహారం ఇప్పించింది. రెండో దావాలో జెన్నిసన్‌కే 25 పౌండ్లు ఇప్పించింది. ఒకే సంవత్సరం, ఒకే కోర్టు, ఒకే మనిషి గురించి రెండు వ్యతిరేక ఫలితాలు!

రెండూ అప్పీలుకు వెళ్లాయి. వాకర్ కేసులో జెన్నిసన్ తన అప్పీలును సరిగా నడుపుకోలేక ఓడాడు, రెండో కేసు ఫలితం తారుమారైంది. చివరికి వాకర్‌ను కొట్టినందుకు ప్రభుత్వమే జెన్నిసన్‌పై క్రిమినల్ కేసు పెట్టింది. 1783 ఏప్రిల్‌లో ఆ కేసు రాష్ట్రపు అత్యున్నత కోర్టు ముందుకు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి విలియం కుషింగ్ జ్యూరీకి విషయం వివరిస్తూ, 1780 నాటి రాష్ట్ర రాజ్యాంగం మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుట్టారని ప్రకటించింది కాబట్టి బానిసత్వానికి ఇక్కడ చోటు లేదన్నాడు. జ్యూరీ జెన్నిసన్‌ను దోషిగా తేల్చింది. జరిమానా 40 షిల్లింగులు.

ఇంత పెద్ద మాట కోర్టులో పలికినా ఎక్కడా అచ్చు కాలేదు. ఆనాటికి మసాచుసెట్స్‌లో తీర్పులను రాసి ప్రచురించే ఉద్యోగి లేడు, ఆ పని చేసే పుస్తకం లేదు. కుషింగ్ తన పుస్తకంలో రాసుకున్న నోట్లు ఆయన కాగితాల్లోనే ఉండిపోయాయి. పన్నెండేళ్లు గడిచాక, 1795లో, వర్జీనియాకు చెందిన న్యాయశాస్త్ర ఆచార్యుడు సెయింట్ జార్జ్ టకర్ తమ రాష్ట్రంలో బానిసత్వాన్ని తొలగించే దారి వెతుకుతూ, మీ దగ్గర అది ఎలా పోయిందని అడుగుతూ బోస్టన్‌లోని చరిత్రకారుడు జెరెమీ బెల్‌నాప్‌కు ఉత్తరం రాశాడు. బెల్‌నాప్ చూసి చెప్పడానికి అచ్చయిన తీర్పు ఒక్కటీ లేదు. తెలిసినవారందరినీ ఆరా తీసి, వారి జ్ఞాపకాలను పోగుచేసి జవాబు రాయవలసి వచ్చింది. ఆ జవాబులో ఆయన ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చింది ప్రజాభిప్రాయానికి.

1790 జనాభా లెక్కల్లో మసాచుసెట్స్‌లో ఒక్క బానిస కూడా నమోదు కాలేదు. ఆ మార్పుకు కుషింగ్ మాటలు ఎంతవరకు కారణం, బానిసలు ఒక్కొక్కరుగా వేసుకున్న దావాలు ఎంతవరకు కారణం అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. 1781లోనే ఎలిజబెత్ ఫ్రీమన్ అనే స్త్రీ బర్క్‌షైర్ కౌంటీలో ఇటువంటి దావాయే గెలిచి విడుదలైంది. నా అభిప్రాయం చెప్పమంటే, తీర్పు అచ్చు కాకపోవడం కేవలం చరిత్రకారులకు కలిగిన ఇబ్బందిగా చూడకూడదు. బానిసగా ఉన్న మనిషికి తనకు స్వేచ్ఛ వచ్చిందన్న సంగతి ఎవరు చెబుతారు? యజమాని చెబుతాడా? ఈ ప్రశ్నను మీరు మనసులో ఉంచుకొని ముందుకు సాగండి.

పుస్తకం చేసినవారు

తీర్పుకు కారణాలు రాతలో ఉండాలన్న నిబంధనను ముందుగా చేసిన రాష్ట్రాల్లో కనెక్టికట్ ఒకటి. న్యాయ సూత్రం మీద తేలిన కేసుల్లో న్యాయమూర్తులు తమ కారణాలను రాసి ఇవ్వాలని 1780ల నడుమ అక్కడ చట్టం వచ్చింది. లిచ్‌ఫీల్డ్ పట్టణంలో వకీలుగా ఉన్న ఎఫ్రాయిమ్ కర్బీ ఆ రాతలను సేకరించి, తాను విన్నవి జోడించి, 1789లో పుస్తకంగా అచ్చువేశాడు. అమెరికాలో క్రమపద్ధతిలో వచ్చిన తొలి తీర్పుల సంపుటంగా దాన్ని చెబుతారు. కర్బీ ప్రభుత్వ ఉద్యోగి కాడు. చందాదారులను పోగుచేసుకొని చేసిన సొంత ప్రయత్నం అది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వకీళ్లు ఇంగ్లండు పుస్తకాలే తిరగేస్తుంటే, మన కోర్టులు చెప్పింది మనకే తెలియకపోతే ఎలా అన్నది ఆయన బాధ. 1804లో మసాచుసెట్స్, న్యూయార్కు రాష్ట్రాలు ఈ పనికి అధికారికంగా మనుషులను నియమించాయి.

అన్ని చోట్లా న్యాయమూర్తులు దీనికి సంతోషంగా ఒప్పుకున్నారనుకోకండి. కాలిఫోర్నియా శాసనసభ తీర్పులకు కారణాలు రాయాలని చట్టం చేస్తే, 1859లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టానికి తాము కట్టుబడమని చెప్పింది. కారణాలు రాయాలా వద్దా అన్నది న్యాయమూర్తుల ఇష్టమనీ, శాసనసభ అందులో వేలు పెట్టరాదనీ న్యాయమూర్తి స్టీఫెన్ ఫీల్డ్ రాశాడు. తమాషా ఏమిటంటే, కారణాలు రాయనక్కరలేదని చెప్పడానికి ఆయన చక్కటి కారణాలు రాశాడు. చట్టం పనిచేయకపోయేసరికి రాష్ట్ర ప్రజలు 1879లో తెచ్చుకున్న కొత్త రాజ్యాంగంలోనే ఆ నిబంధన పెట్టుకున్నారు. తీర్పు రాతలో ఉండాలి, కారణం చెప్పాలి అన్న ఆ నియమం అక్కడ నేటికీ అమల్లో ఉంది.

సెయింట్ పాల్ పుస్తకాల వర్తకుడు

అధికారిక సంపుటాలు వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. అవి చాలా ఆలస్యంగా వచ్చేవి. ఈ లోపు కింది కోర్టుల్లో వకీళ్లు పాత సూత్రం మీదే వాదించుకునేవారు. మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో జాన్ బి. వెస్ట్ అనే యువకుడు వకీళ్లకు పుస్తకాలు, దస్తావేజుల ఫారాలు అమ్ముతూ ఊరూరా తిరిగేవాడు. ఈ కొరతను ఆయన కళ్లారా చూశాడు. 1876లో తన అన్నదమ్ముడితో కలిసి ‘ది సిలబై’ అనే ఎనిమిది పేజీల వారపత్రిక మొదలుపెట్టాడు. సిలబస్ అంటే మీకు పరీక్షకు చదవవలసిన పాఠాల జాబితా గుర్తుకొస్తుంది. వకీళ్ల వాడుకలో ఆ మాటకు తీర్పు తలమీద రాసే సారాంశం అని అర్థం. మిన్నెసోటా సుప్రీంకోర్టు ఆ వారం ఏమి తేల్చిందో అందులో వచ్చేది.

వకీళ్లు ఆ పత్రికను ఆదరించారు. 1879 నాటికి అది పక్క రాష్ట్రాలైన అయోవా, మిషిగన్, నెబ్రాస్కా, విస్కాన్సిన్‌ల తీర్పులను, డకోటా ప్రాంతపు తీర్పులను కూడా చేర్చుకొని పెద్ద సంపుటంగా మారింది. 1887 వచ్చేసరికి వెస్ట్ సంస్థ దేశాన్ని ఏడు ప్రాంతాలుగా విభజించి, అన్ని రాష్ట్రాల పై కోర్టుల తీర్పులనూ అచ్చువేస్తోంది. ఏ రాష్ట్రాన్ని ఏ ప్రాంతంలో కలపాలన్నది కూడా ఆ వ్యాపార సంస్థే నిర్ణయించింది. ఇప్పటికీ అమెరికా వకీళ్లు తీర్పులను ఆ సంపుటాల పేర్లతోనే ఉదహరిస్తారు.

మరి తీర్పు ఎవరి సొత్తు? దీని మీద రెండు కేసులను గుర్తుపెట్టుకోవాలి. 1834లో అమెరికా సుప్రీంకోర్టు తన తీర్పుల మీద ఏ నివేదకుడికీ ప్రచురణ హక్కు ఉండదని చెప్పింది. 1888లో ఒహాయో రాష్ట్ర తీర్పుల విషయంలో దాన్ని మరింత స్పష్టం చేసింది. న్యాయమూర్తి ప్రజల జీతం తీసుకొని రాసిన మాట పౌరులందరికీ వర్తించే చట్టం అవుతుంది కాబట్టి దాన్ని ఎవరైనా అచ్చువేయవచ్చు. ప్రచురణకర్తకు దక్కేదల్లా తాను సొంతంగా చేర్చిన సారాంశం, సూచిక వంటివే.

ఇక్కడే మీరు ఒక ప్రమాదం గమనించాలి. తీర్పు మొత్తం అందరిదీ అయినా, అందరూ చదివేది సారాంశాన్నే. దాన్ని రాసేది సంపుటం తయారుచేసే ఉద్యోగి. అతడు పొరబడితే? 1906లో అమెరికా సుప్రీంకోర్టుకు సరిగ్గా ఇదే ఎదురైంది. ఒక భూమి వ్యవహారంలో వకీలు పాత తీర్పు సారాంశంలోని వాక్యాన్ని పట్టుకొని వాదించాడు. కోర్టు అసలు తీర్పు తీసి చూస్తే అందులో ఆ మాట అలా లేదు. సారాంశం కోర్టు పలుకు కాదని, చదివేవారి సౌకర్యం కోసం ఇంకొకరు రాసినదని అప్పుడు తేల్చి చెప్పింది. ఒహాయో మాత్రం దీనికి భిన్నమైన దారి పట్టింది. అక్కడ సారాంశాన్ని న్యాయమూర్తులే ఆమోదించేవారు కాబట్టి చాలాకాలం దాన్నే చట్టంగా పరిగణించారు.

రెండు రోజులు: 1911 మార్చి 24, 25

ఇప్పటివరకు వకీళ్ల సంగతి చూశాం. సాధారణ ప్రజలు ఒక రాష్ట్ర కోర్టు తీర్పు గురించి వీధుల్లో మాట్లాడుకున్న సందర్భాన్ని ఇప్పుడు చూద్దాం. దీన్ని కొంచెం నిదానంగా చదవండి.

పనిచేస్తూ గాయపడిన కార్మికుడు ఆ రోజుల్లో పరిహారం పొందాలంటే యజమాని తప్పు చేశాడని కోర్టులో రుజువు చేయాలి. తోటి పనివాడి పొరపాటు వల్ల దెబ్బ తగిలినా, ప్రమాదం ఉంటుందని తెలిసే పనిలో చేరావని తేలినా అతడికి పైసా రాదు. న్యూయార్కు శాసనసభ 1910లో దీన్ని మార్చింది. రైల్వే, సొరంగాలు, పేలుడు పదార్థాలు, ఎత్తైన కట్టడాలు వంటి ఎనిమిది రకాల ప్రమాదకరమైన పనుల్లో ఎవరి తప్పుతోనూ నిమిత్తం లేకుండా యజమాని పరిహారం ఇచ్చి తీరాలని చట్టం చేసింది. సౌత్ బఫెలో రైల్వేలో పనిచేసే ఒక కార్మికుడు గాయపడి ఈ చట్టం కింద దావా వేశాడు. కింది కోర్టుల్లో గెలిచాడు. రైల్వే కంపెనీ అప్పీళ్ల కోర్టుకు వెళ్లింది.

1911 మార్చి 24న ఆ కోర్టు చట్టాన్ని కొట్టివేసింది. ఏ తప్పూ చేయని యజమాని నుంచి డబ్బు ఇప్పించడం, సరైన న్యాయ ప్రక్రియ లేకుండా అతడి ఆస్తి లాక్కోవడమేనని న్యాయమూర్తి విలియం వెర్నర్ రాశాడు. ఆ మర్నాడు, శనివారం సాయంత్రం, న్యూయార్కు నగరంలోని ట్రయాంగిల్ కుట్టు కర్మాగారంలో మంటలు లేచాయి. ఒక తలుపుకు తాళం వేసి ఉంది. అగ్నిమాపక దళం నిచ్చెనలు పై అంతస్తులకు అందలేదు. 146 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది వలస కుటుంబాల ఆడపిల్లలు.

ఒక రోజు తేడాతో జరిగిన ఈ రెండూ జనం మనసులో కలిసిపోయాయి. కార్మికుల ప్రాణాలకు విలువ లేదని కోర్టు అంది, మర్నాడే ఇలా అయింది అని చెప్పుకోవడం సహజమే. ఆ కోపం న్యాయమైనదే. అయితే చరిత్ర విద్యార్థిగా మీరు తీర్పును, చట్టాన్ని పక్కపక్కన పెట్టి చదవాలి. ఆ ఎనిమిది పనుల జాబితాలో కుట్టు పని లేదు. తీర్పు అటు ఇటు అయినా, ఆ చట్టం ట్రయాంగిల్ కుటుంబాలకు పరిహారం ఇచ్చేది కాదు. అలాగే, కార్మికుల కష్టాల గురించి శాసనసభ కమిషన్ చెప్పినదాన్ని వెర్నర్ తోసిపుచ్చలేదు. ఆ వాదనల్లో బలం ఉందని ఒప్పుకొనే, రాజ్యాంగం అడ్డొస్తోందన్నాడు.

ఏ రాజ్యాంగం? కేసు మొత్తానికి కీలకం ఈ ప్రశ్నలోనే ఉంది. కోర్టు దేశ రాజ్యాంగాన్ని, న్యూయార్కు రాజ్యాంగాన్ని రెండింటినీ పేర్కొంది. రాష్ట్ర రాజ్యాంగమే అడ్డయితే రాష్ట్ర ప్రజలు దాన్ని మార్చుకోవచ్చు. ఇది అర్థం చేసుకున్నవారు కోర్టును తిట్టి ఊరుకోలేదు, సవరణ కోసం పనిచేశారు. 1913 నవంబరులో ఓటర్లు సవరణను ఆమోదించారు. డిసెంబరులో కొత్త చట్టం వచ్చింది. 1917లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దేశ రాజ్యాంగం దీనికి అడ్డు కాదని అప్పుడు తేలిపోయింది.

మరి 1911లోనే వాషింగ్టన్‌కు అప్పీలు ఎందుకు చేసుకోలేదని మీరు అడగవచ్చు. దారి లేదు. 1789 నాటి చట్టం ప్రకారం, దేశ రాజ్యాంగం ఇచ్చిన హక్కును రాష్ట్ర కోర్టు నిరాకరిస్తేనే సుప్రీంకోర్టు జోక్యం చేసుకోగలదు. ఇక్కడ రాష్ట్ర కోర్టు యజమాని హక్కును నిరాకరించలేదు, అవసరానికి మించి మన్నించింది. అందువల్ల అదే ఆఖరి మాట అయింది. ఈ తీర్పు మీద వచ్చిన అసంతృప్తి కారణంగానే 1914లో ఆ చట్టాన్ని సవరించి, అటువంటి తీర్పులను కూడా సుప్రీంకోర్టు పరిశీలించే వీలు కల్పించారు.

మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ తీర్పును పత్రికా వ్యాసాల్లో గట్టిగా విమర్శించాడు. రాష్ట్ర కోర్టు ఒక చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేస్తే, ఆ నిర్ణయం నిలవాలా వద్దా అన్నది ఓటర్లే తేల్చాలని 1912 ఫిబ్రవరిలో ఒహాయోలోని కొలంబస్‌లో ప్రతిపాదించాడు. వకీళ్లు, సంప్రదాయవాదులు హడలిపోయారు. ఆ సూచన నిలవలేదు. నాకు తోచినంతవరకు అది తొందరపాటు సూచనే. అయినా కోర్టు కారణాలను ఎన్నికల సభల్లో, వేలమంది ముందు వాక్యం వాక్యంగా చర్చకు పెట్టడం మాత్రం చిన్న విషయం కాదు. కర్బీ కాలంలో ఆ పుస్తకాలు చదివింది వకీళ్లు మాత్రమే.

అదే 1911లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు, విస్కాన్సిన్ సుప్రీంకోర్టు తమ రాష్ట్రాల కార్మిక పరిహార చట్టాలను సమర్థించాయి. ‘అమెరికా కోర్టులు కార్మికుల పరిహారానికి వ్యతిరేకం’ అని ఎవరైనా రాస్తే, ‘ఏ కోర్టు, ఏ రాష్ట్రం, ఏ చట్టం’ అని అడగడం ఇప్పుడు మీ వంతు.

మన దగ్గర

తెలుగు రాష్ట్రాల విద్యార్థికి ఇదంతా దూరపు సంగతిగా తోచవచ్చు. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరు హైకోర్టులున్నాయి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులో సాగుతాయి. అందువల్ల తెలుగు పాఠకుడికి తీర్పు చేరేలోపు కుదింపుతో పాటు అనువాదం కూడా జరుగుతుంది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తీర్పును తెలుగులోనూ వెలువరించడం అందుకే వార్త అయింది. కోర్టు ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప తీర్పును ఎవరైనా ప్రచురించవచ్చని మన 1957 కాపీరైట్ చట్టం కూడా చెబుతోంది. లా జర్నళ్లలో తీర్పు పైన కనిపించే చిన్న అక్షరాల సారాంశం మాత్రం ఇక్కడ కూడా సంపాదకుడి రాతే.

మీరే చేసి చూడండి

మీ హైకోర్టు ఈ మధ్య ఇచ్చిన ఒక తీర్పు గురించి తెలుగు దినపత్రికలో వచ్చిన వార్తను తీసుకోండి. ఆ తీర్పు ప్రతిని హైకోర్టు వెబ్‌సైటు నుంచి గానీ, దగ్గరలోని న్యాయవాది ద్వారా గానీ సంపాదించండి. అప్పీలు చేసింది ఎవరు, కింది కోర్టు ఏమంది, పై కోర్టు ఏ చట్టం మీద లేదా ఏ అధికరణం మీద ఆధారపడింది, దేన్ని తేల్చకుండా వదిలింది అన్నవి తీర్పులో వెతికి ఒక పేజీలో రాయండి. వీటిలో ఏవి వార్తలో లేవో గుర్తించి, ఆ లోపం వల్ల పాఠకుడు ఏమని పొరబడే అవకాశం ఉందో మరో పేరాలో వివరించండి. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు రెండు కాగితాలూ వెంట తెచ్చుకోండి.